అయిదు గొంతులు పట్టే పెట్టె

ఫోను చేతికిచ్చేటప్పుడు రెగీనా చెప్పింది:
ఇది నీది కాదు, షిఫ్టుది.
నీ తర్వాత ఆమోస్, ఆమోస్ తర్వాత నివి.
ముగ్గురి చెవి చెమటా దీనికి తెలుసు.
నాలుగు గీతలతో తీసుకున్నావు,
రెండైనా మిగిల్చి ఇవ్వు,
అప్పు తెచ్చుకున్న గిన్నె కడిగి ఇచ్చినట్టు.

మనీత్సోక్ రేవులో చేపల ఫ్యాక్టరీ మాది.
శీతల గిడ్డంగిలో, సున్నాకి ఇరవై నాలుగు డిగ్రీల కింద,
మనిషి కన్నా ముందు బ్యాటరీ వణుకుతుంది.
తలుపు బయట మూడు గీతలు,
తలుపు లోపల ఒకటి.
ఉన్ని బనీనుకీ చొక్కాకీ మధ్య పెట్టి
గుడ్డుని పొదిగినట్టు పొదగాలి.
చేత్తో పట్టుకు తిరిగేవాడు
తెల్లారేసరికి ఒక నల్లటి పలకని పట్టుకు తిరుగుతుంటాడు.

తెర వెలుగు చంపెయ్, అంది.
నంబర్లు వేళ్లకి తెలుసు, కళ్లకెందుకు?
వణికించకు కూడా. వణుకూ ఖర్చే.

హాలిబట్ పెట్టెలు కప్పు దాకా పేర్చిన
ఏడో వరస వెనక
సిగ్నల్ చావదు, బతకదు.
ఫోను ఊరుకుంటుందా?
తల్లిని విడిచిన సీల్ పిల్లలా
గోడ మీది పెట్టె కోసం అరుస్తూనే ఉంటుంది,
మనకి వినబడకుండా.
సగం ఛార్జి ఆ అరుపుకే పోతుంది.
అక్కడికి వెళ్లే ముందు ఆపెయ్.
ఆ పది నిమిషాలూ లోకం నీకోసం ఆగుతుంది.
ఆగలేకపోతే
బూట్లేసుకుని పరిగెత్తుకొస్తుంది.

గోడ మీది ఆ తెల్ల పెట్టెలో
ఒకేసారి అయిదు గొంతులే పడతాయి.
ఆరోది దూరిందా, అన్నీ ముక్కలు:
పె... టె... మూ... బండి... రా...
కూతురి మొదటి పన్ను ఊడిందని
ఎనోక్ ఒకసారి పన్నెండు నిమిషాలు చెప్పాడు.
క్రేన్ ఆపమని రేవులోంచి అరుస్తున్నది
ఆరో గొంతు.
ఎవరికీ ఏమీ కాలేదు.
రొయ్యల పెట్టె ఒకటి నీళ్లలో పడింది, అంతే.
ఎనోక్ మాత్రం నెల్లాళ్లు ఫోను ముట్టలేదు.

అసలు మావాళ్లకి మాట ఖర్చు మొదట్నించీ తక్కువ.
ఔనంటే కనుబొమ్మలెత్తుతాం.
కాదంటే ముక్కు ముడుస్తాం.
ఈ ఫోనొచ్చాకే
ఊరికే దొరికేదానికి అక్షరాలు చెల్లించాల్సొచ్చింది:
ఆప్. నామిక్.
కొత్తలో నేను కనుబొమ్మలెత్తేసి ఊరుకునేదాన్ని.
అవతల రెగీనా
ఉన్నావా? ఉన్నావా? అనేది.
ఇంకో అర గీత.

నూక్ నుంచి వచ్చిన మెకానిక్ కుర్రాడు ఆక్కలుక్
టీ తాగుతూ ఇంకో పొదుపు బయటపెట్టాడు.
నువ్వు మాట్లాడనప్పుడు
ఫోను నీ నిశ్శబ్దాన్ని పంపదట.
ఖాళీ బస్తా మోసుకెళ్లడం దండగ కదా.
మరి అవతల వినిపించే ఆ సన్నటి హోరు?
అది అవతలి ఫోనే వండుకుంటుందట,
లైను తెగిందని మనిషి హడలిపోకుండా.
రెగీనా కప్పు కింద పెట్టి
చాలాసేపు తన ఫోను వంక చూసింది.

ఆవిడ ఆఖరి రాత్రి.
నాలుగున్నరకి బనీనులో వెలుగు.
ఎత్తాను.
ఏమీ అనలేదు. అనే మనిషి కాదు.
హోరు.
అది ఆవిడది కాదని నాకు తెలుసు.
నా చెవి పక్కనే పుడుతోందని తెలుసు.
అయినా వింటూ నిలబడ్డాను,
అయిదింటిలో ఒక గొంతు చోటు పట్టుకుని,
ఇటూ అటూ ఏమీ పంపకుండా.
రెండో గీత పోయింది.
పదకొండేళ్లు కూడబెట్టినావిడ,
ఖర్చు పెట్టుకోనీ.

చివరికి అడిగింది:
ఏడో వరస లెక్క సరిపోయిందా?

కనుబొమ్మలెత్తాను,
చీకట్లో, ముఖానికి కట్టుకున్న గుడ్డ పైన.

ఉన్నావా అని
ఈసారి అడగలేదు.

పొద్దున్న ఆమోస్‌కి
ఒక్క గీతతో అప్పగించాను.
ముక్కు ముడిచాడు.